స్టాంపు లేని నోటు, అగ్రిమెంట్ లేని కార్డు

పోయిన నెల మా బాబాయి కొడుకు హన్మకొండ సుబేదారి నుంచి సీదా మా ఇంటికే వచ్చిండు, చేతిల రెండు కాగితాలు. ఒకటి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్, కట్టాల్సింది 1,12,000 అని ఉంది. రెండోది పాంప్లెట్. మీ కార్డు బాకీకి మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ బ్యాంకు దగ్గర ఉందా, లేకపోతే ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు అని పెద్ద అక్షరాలతోని కొట్టిచ్చిండ్రు. కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే ముందుగల 15,000 కట్టు, నోటీసు మేమే పంపుతం, మూడు నెలల్ల మొత్తం మాఫీ అన్నరట.

"అన్నా, గిది నిజంగ అయితదా? అయితే మాత్రం, గట్ల చేసుడు తప్పా?"

ఒక్క దమ్ముల రెండు ప్రశ్నలు అడిగిండు. మొదటిదానికి జవాబు చట్టంల దొరుకుతది, రెండోదానికి దొరకదు, దాని గురించి నేను వారం రోజులు మనసుల పెట్టుకుని తిరిగిన. గిట్ల సతమతమయ్యేటోళ్లు మన దిక్కు మస్తుమంది ఉన్నరు కాబట్టి నాకు తెలిసిన కాడికి విడమర్చి రాస్తున్న.

అసలు ఈ "అగ్రిమెంట్ చూపియ్యకుంటే బాకీ లేదు" అనే మాట ఊకనే పుట్టలేదు, ఇంగ్లండ్‌ల అది ఒకప్పుడు నిజమే. అక్కడ 1974ల కన్స్యూమర్ క్రెడిట్ చట్టం తెచ్చిండ్రు. అప్పు తీసుకునేటోడు సంతకం పెట్టే కాగితంలనే లిమిట్ ఎంత, మిత్తి ఎంత, ఎట్ల కట్టాలె అనేవి కరెక్ట్‌గ ఉండాలె, లేకపోతే ఆ అప్పు వసూలు చేసుకోనీకి కోర్టు ఆర్డరే ఇయ్యొద్దు అని అందుల 127వ సెక్షన్ల ఉండె. జడ్జికి బ్యాంకు మీద జాలి కలిగినా లాభం లేదు, చేతులు కట్టేసినట్టే. విల్సన్ కేసు అని ఒకటుంది, విల్సన్ అనే ఆమె కారు కుదువపెట్టి 5,000 పౌండ్లు తీసుకుంటే అప్పిచ్చినోళ్లు 250 పౌండ్ల డాక్యుమెంట్ ఫీజు కూడా కలిపి కాగితంల అప్పు 5,250 అని రాసిండ్రు. ఫీజు అప్పు కిందికి రాదు గదా, అంకె తప్పు, అంతే, అప్పు మొత్తం వసూలు చేసుకునే హక్కే పోయింది. 2003 జులైల హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్ల వాళ్ల అన్నిటికన్నా పెద్ద కోర్టు, దాకా పోయినా అదే నిలబడ్డది. చట్టం చేసినోళ్లు కావాలనే గంత గట్టి శిక్ష పెట్టిండ్రు, అప్పిచ్చేటోడు కాగితం జాగ్రత్తగ రాయాలంటే భయం ఉండాలె అని.

2006ల ఆ సెక్షన్‌ని తీసేసిండ్రు, అది 2007 ఏప్రిల్ 6 నుంచి అమలుకు వచ్చింది, కాని అంతకుముందు రాసుకున్న అగ్రిమెంట్లకు పాత రూలే. ఇగ చూడు, ఒక్క పౌండ్ ఫీజు కట్టి నా అగ్రిమెంట్ కాపీ ఇయ్యిండ్రి అని అడిగితే బ్యాంకు 12 పని దినాలల్ల ఇయ్యాలె, ఇచ్చేదాకా కోర్టు ద్వారా వసూలు చేసుకోరాదు, దీన్ని పట్టుకుని కంపెనీలు పుట్టుకొచ్చినయి, ముందే ఫీజు తీసుకుని మీ కార్డు బాకీ కొట్టేపిస్తమని ప్రచారం చేసినయి, వేలమంది కట్టిండ్రు. 2009ల రెండు తీర్పులు ఆ జోరుకు బ్రేక్ వేసినయి. ఒకదాంట్ల ఏమన్నరంటే కోర్టు ద్వారా వసూలు చెయ్యరాదు అంటే అప్పు లేదని కాదు, అప్పు ఉంటది, బ్యాంకు అడగొచ్చు, క్రెడిట్ రికార్డుల కూడా ఎక్కించొచ్చు అన్నరు. ఇంకోదాంట్ల అసలు సంతకం పెట్టిన కాగితం జిరాక్సే ఇయ్యనవసరం లేదు, రికార్డుల నుంచి మళ్ల తయారుచేసి ఇచ్చినా కాపీ కిందికే వస్తది అన్నరు. గీ రెండో ముచ్చట పాంప్లెట్ కొట్టిచ్చినోళ్లు ఎవ్వరూ చెప్పరు.

మన దగ్గర సంగతి వేరే. ఇంగ్లండ్ లెక్క కాగితం తప్పుంటే అప్పు మొత్తం పాయె అనే చట్టం ఇండియాల క్రెడిట్ కార్డుకు లేదు. ఉన్నది రిజర్వు బ్యాంకు రూల్స్, 2022 ఏప్రిల్ 21న ఇచ్చినయి, ఆ ఏడాదే అమలైనయి. అడగకుండ కార్డు ఇచ్చి బిల్లు వేస్తే ఆ బిల్లు వాపస్ తీసుకోవాలె, దానికి డబుల్ పెనాల్టీ కస్టమర్‌కి కట్టాలె. అప్లికేషన్‌తోనే మిత్తి, చార్జీలు రాసిన ఒక్క పేజీ కాగితం ఇయ్యాలె. కట్టని చార్జీలను, టాక్సులను అసలుల కలిపి వాటి మీద మళ్ల మిత్తి వెయ్యొద్దు. మన సమ్మతి లేకుండ లిమిట్ పెంచొద్దు. బాకీ లేని కార్డు బంద్ చెయ్యమంటే ఏడు పని దినాలల్ల బంద్ చెయ్యాలె, చెయ్యకపోతే రోజుకు 500. ఇవన్నీ గట్టి హక్కులే, కాని వీటిల ఎక్కడ కూడా నువ్వు కొనుక్కున్న సామాను పైసలు మాఫీ అని లేదు. పైగా 1872 కాంట్రాక్ట్ చట్టంల 65, 70 సెక్షన్లు ఉన్నయి, ఒప్పందం చెల్లదని తేలినా దాని ద్వారా పొందిన లాభం వాపస్ ఇయ్యాలె అని, ఊకనే ఇయ్యనిదాన్ని వాడుకుంటే దాని విలువ కట్టాలె అని. అంటే అగ్రిమెంట్ చిరిగిపోయిందనుకో, ఫ్రిజ్ ఇంట్ల నడుస్తనే ఉంటది గదా.

వాని స్టేట్‌మెంట్లు ఇరవై నెలలవి డౌన్‌లోడ్ చేపిచ్చి నేను ఒక నోట్‌బుక్కుల లెక్క తీసిన, రాత్రి పదకొండు దాటింది. ఫ్రిజ్‌కి 31,000, బిడ్డ స్కూల్ ఫీజు 27,000, వాళ్ల అమ్మ ఆపరేషన్ అప్పుడు 20,000, మొత్తం 78,000 వాడుకున్నడు. నెలకు కనీసం ఇంతన్నా కట్టాలె అని బ్యాంకు చెప్పే మినిమం డ్యూ, మినిమం డ్యూ అనుకుంట ఇప్పటిదాకా 41,000 కట్టిండు. అంటే మిగిలింది 37,000 ఉండాలె, బ్యాంకు అడిగేది 1,12,000. నడుమ 75,000 ఎక్కడ నుంచి వచ్చినయంటే మిత్తి 53,200, ఆరుసార్ల లేట్ ఫీజు 5,400, కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్ అని నెలకు 248 చొప్పున 4,960, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ సుమారు 11,440. ఆ ప్లాన్ ఏందో వానికి తెల్వనే తెల్వదు, ఎవ్వరూ అడగలేదట.

మిత్తి రేటు నెలకు మూడున్నర శాతం. బ్యాంకు భాషల రాస్తే గది చిన్న అంకె లెక్క కనపడ్తది. మన భాషల చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాల మిత్తి! మన ఊర్లల్ల రెండు రూపాల మిత్తికి ఇచ్చేటోన్ని మిత్తి మీద బతికేటోడు అంటం, మూడు రూపాలు అంటే ఆ గడప తొక్కకు బిడ్డా అంటరు. అదే మూడున్నర హన్మకొండ చౌరస్తాల ఏసీ షోరూంల టై కట్టుకున్న పిల్లగాడు చెప్తే ఎవ్వరికీ సోయి ఉండది, చెప్పనే చెప్పకపోతే ఇగ చెప్పేదేముంది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 జులైల కార్డు మిత్తి సాలుకు 30 శాతం దాటితే అన్యాయం అన్నది, అంటే మన లెక్కల రెండున్నర రూపాలు. బ్యాంకులు సుప్రీం కోర్టుకు పోయినయి, 2024 డిసెంబర్ 20న ఆ తీర్పు కొట్టేసిండ్రు, మిత్తి సంగతి రిజర్వు బ్యాంకు చూసుకుంటది, కమిషన్ కాదు అని. చట్ట ప్రకారం 42 శాతం ఇప్పుడు తప్పు కాదు. న్యాయమా అంటే నేనైతే కాదనే అంట.

ఇక్కడ మా నాయిన ముచ్చట చెప్పాలె, ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్ల పాతికేండ్ల కిందనే వచ్చింది.

మాది నర్సంపేట దిక్కు ఊరు. 1994ల నాయిన వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి సావుకారి దగ్గర పత్తి విత్తనాలకు, మందులకు 20,000 తీసుకున్నడు, రెండు రూపాల మిత్తి, ప్రాంసరీ నోటు రాసిచ్చిండు. నోటుకు మూడేండ్లే బతుకు, తర్వాత కాలదోషం పడ్తది, అందుకని 1997ల మిత్తి అసలుల కలిపి 34,400కు తిరగరాసుకున్నరు. ఆ పంట కాలమే 1997-98, వరంగల్ జిల్లాల పత్తి రైతులు పురుగుమందు తాగి ఎంతమంది పోయిండ్రో ఈ దిక్కు పెద్దమనుషులకు యాదికే ఉంటది. మళ్ల 2000ల తిరగరాసినప్పుడు 59,168. ఆ మూడో నోటు మీద రెవెన్యూ స్టాంపు అతికియ్యడం సావుకారి గుమస్తా మర్చిపోయిండు, పాత నోట్లు చింపేసిండ్రు. హన్మకొండ కోర్టు కాడ ఒక వకీలు ఆ నోటు జిరాక్స్ చూసి నవ్విండట, స్టాంపు లేని ప్రాంసరీ నోటును 1899 స్టాంపు చట్టం ప్రకారం కోర్టు సాక్ష్యంగ తీసుకోదు, పెనాల్టీ కట్టి సరిచేసుకునే దారి కూడా ప్రాంసరీ నోటుకు లేదు, నువ్వు ఒక్క పైస ఇయ్యకున్నా వాడు ఏం పీకలేడు అన్నడు.

నాయిన రెండు నెలలు ఏం మాట్లాడలే. తర్వాత సావుకారి దగ్గరికి పోయి నోటుకు స్టాంపు లేదు, నీకూ తెలుసు నాకూ తెలుసు, కాని నీ ఇరవై వేలతోని నేను విత్తనం పెట్టిన మాట నిజం, అసలు ఇస్త, ఆరేండ్లకు రూపాయి మిత్తి ఇస్త, మిత్తి మీద మిత్తి ఇయ్య అన్నడు. అసలు 20,000, మిత్తి 14,400. రెండు పంటల్ల కట్టిండు. సావుకారి గునుక్కుంటనే తీసుకున్నడు.

నేను చాన ఏండ్లు ఈ కథను గర్వంగ చెప్పుకున్న. కాని మా అమ్మ ఎప్పుడూ గట్ల చెప్పలే. ఆ కట్టిన రెండేండ్లల్లనే మా అక్క చదువు తొమ్మిదో తరగతితోని ఆగింది, పైసలు లేవని. మీ నాయిన నిజాయితీకి నా బిడ్డ కట్టింది మిత్తి అని అమ్మ ఒక్కసారే అన్నది, ఆ మాట నాకు ఇప్పటికీ తెగదు. నోటు మీద సంతకం అక్కది కాదు గదా. అందుకే బాకీ అంటే కట్టి తీరాలె అని ఎవరన్నా సులువుగ చెప్తే నాకు వెంటనే ఒప్పబుద్ధి కాదు, కాగితం తప్పుంది కాబట్టి ఎగ్గొట్టు అన్నా ఒప్పబుద్ధి కాదు.

నాకు ఇప్పుడు తోచేది ఏందంటే, కాగితం తప్పు అనేది ఒక్కటే రకం కాదు, దేనికి దాన్ని విడదీసి చూడాలె. అడగని కార్డు ఇంటికి వచ్చింది, వాడనే లేదు, ఏడాది ఫీజు బిల్లు వచ్చింది, అక్కడ బాకీ అనేదే లేదు, చట్టంల లేదు మనసుల కూడ ఉండనక్కర్లేదు. వాడుకున్నవు గాని మిత్తి ఎంతనో చెప్పలేదు, అడగని ప్లాన్లు అంటగట్టిండ్రు, అప్పుడు వాడుకున్న అసలు నీది, చెప్పని చార్జీలు నీవి కావు, మిత్తి ఎంత అనేది కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. అన్ని చెప్పిండ్రు, చదివి సంతకం పెట్టినవు, కట్టే తాకత్ ఉంది, ఐదేండ్లకు బ్యాంకు గోదాముల ఆ ఫైలు పోయింది, దాన్ని పట్టుకుని కట్టను అంటే దాన్ని మా ఊర్ల ఎగ్గొట్టుడు అనే అంటరు, ఇంగ్లండ్‌ల ఇంకేమన్నా అనుకోనీ.

దీనికి ఎదురుమాట కూడా బలమైందే ఉంది. కాగితం రాసేది బ్యాంకు, లాయర్లను పెట్టుకునేది బ్యాంకు, మనం ఒక్కరోజు లేట్ అయితే మీరు సంతకం పెట్టిండ్రు గదా అని అదే కాగితం మొహం మీద కొట్టేది బ్యాంకు. మరి కాగితం వాళ్ల దిక్కు తప్పుంటే మాత్రం మనం మనసు, మర్యాద అని ఎందుకు మాట్లాడాలె? ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంతవరకు చెప్పగల్గుత, ఆ తప్పు మన చేతిల ఉండడం వల్ల మొదటిసారి బ్యాంకుతోని సమానంగ కూర్చుని మాట్లాడే అవకాశం వస్తది, నాయినకు ఆ లేని స్టాంపు అదే ఇచ్చింది. స్టాంపు ఉంటే సావుకారి 59,168కి ఒక్క రూపాయి తగ్గకపోతుండె.

ఇంకోటి అందరూ అనేది, పెద్ద పెద్దోళ్ల కోట్లు రైట్ ఆఫ్ చేస్తలేరా, మాదే దొరికిందా అని. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన పుస్తకంల నుంచి తీసి పక్కకు పెట్టుకునుడు, బాకీదారుని మీద బాకీ పోదు, కావాలంటే తర్వాత కూడ వసూలు చెయ్యొచ్చు. అది మాఫీ కాదు. అయినా కోపం అన్యాయం అనలేం, 2023 జూన్‌ల రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ల కావాలని ఎగ్గొట్టినోళ్లతోని కూడా రాజీ సెటిల్మెంట్ చేసుకోవచ్చని ఉంది. క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తది అన్నరు గాని, బేరం ఆడే తలుపు వాళ్లకు తెరిచే ఉంది. మరి 78,000 వాడినోడు బేరం ఆడితే సిగ్గుపడాల్సిన పని ఏముంది? చేతిల లేక కట్టలేకపోవుడు వేరు, ఉండి కట్టకపోవుడు వేరు. జీతం తగ్గి, పిల్లల తిండి తగ్గించి మూడున్నర రూపాల మిత్తి కట్టుమని ఏ ధర్మం చెప్పదు, నేను అసలే చెప్ప.

కాలదోషం ముచ్చట కూడా ఈడనే చెప్పాలె. కార్డు బాకీకి కూడా మూడేండ్లే, 1963 లిమిటేషన్ చట్టం. కాని నడుమల కొంత కట్టినా, బాకీ ఉందని సంతకంతోని రాసిచ్చినా ఆ రోజు నుంచి మళ్ల మూడేండ్లు కొత్తగ మొదలైతది. మూడేండ్లు దాటితే కోర్టుకు పోయే దారి మూసుకుపోతది గాని బాకీ చచ్చిపోదు, కాంట్రాక్ట్ చట్టంల 25వ సెక్షన్ అయితే కాలం దాటిన బాకీని కడ్త అని సంతకంతోని రాసిస్తే ఆ మాట చెల్లుతది అంటది. సిబిల్ రికార్డు, అంటే మనం అప్పులు ఎట్ల కట్టినమో రాసిపెట్టే చిట్టా, వేరే నడుస్తది, సెటిల్డ్ అని గాని రిటెన్ ఆఫ్ అని గాని పడితే రేపు ఇల్లు కట్టుకునే లోన్ కాడ అడుగుతరు.

ఇగ ఆ పాంప్లెట్ వాళ్ల సంగతి. 15,000 ముందు తీసుకునేటోడు పంపే నోటీసు ఎవ్వరైనా తెల్లకాగితం మీద రాసుకోవచ్చు. బ్యాంకుకు ఫిర్యాదు పెట్టి 30 రోజులల్ల జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి ఆయన, రూపాయి ఖర్చు లేదు, అనుమానం ఉంటే 14448కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతోని సంబంధం లేకుండ ఉచిత వకీలును ఇస్తరు. లోక్ అదాలత్‌ల రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందే అంకె రెండుసార్లు చూసుకోవాలె. కార్డు బాకీ కట్టకపోవుడు సివిల్ తగాదా, దానికే పోలీసోళ్లు జైల్ల వెయ్యరు, రికవరీ ఏజెంట్లు పొద్దుగాల ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చెయ్యొద్దు. మా తమ్ముని పెండ్లాం ఏజెంటు ఫోన్ వస్తే బాత్రూంల పోయి తలుపు పెట్టుకుంటున్నదట, ఆమెకు నేను ఈ రెండు ముక్కలు చెప్పినంక మొహంల కొంచెం రక్తం కనపడ్డది.

మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుండి బ్యాంకుకు లెటర్ రాసినం. నెలనెలా మెసేజ్ వచ్చేది గాని నేను తెరిచి చూడలే అన్నా అని వాడే ఒప్పుకున్నడు, అందుకని మిత్తి అసలే ఇయ్య అని రాయనీయలే నేను. వాడుకున్నది 78,000, కట్టింది 41,000, మిగిలిన 37,000 నాది. ఇరవై నెలలకు, ఏ నెల ఎంత అసలు మిగిలి ఉంటే దాని మీద, నూటికి రూపాయిన్నర చొప్పున మిత్తి సుమారు 18,000 ఇస్త, మొత్తం 55,000, ఇరవై కిస్తీలల్ల. అడగని ప్లాన్ 4,960, దాని జీఎస్టీ వాపస్ తీసుకోండ్రి. నా అప్లికేషన్, మిత్తి రాసిన ఆ ఒక్క పేజీ కాగితం, నా సమ్మతి రికార్డు కాపీలు పంపండ్రి. బ్యాంకు ఒప్పుకోవాలని రూలేం లేదు, ఒప్పుకోకపోవచ్చు కూడా.

సంతకం పెట్టేముందు నేను ఒక్క సంగతి వానికి చెప్పిన. తమ్మీ, మిగిలింది నాది అని నువ్వు సంతకంతోని రాసిస్తున్నవు, ఈ రోజు నుంచి మూడేండ్లు మళ్ల కొత్తగ లెక్క, రేపు ఈ కాగితమే నీ మీద సాక్ష్యం, వద్దనుకుంటే బాకీ ఒప్పుకుంటలేను అనే మాట రాపిస్త, వకీళ్లు గట్లనే రాస్తరు. వాడు చానసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నడు. ఆఖరి కిస్తీ కట్టి నాలుగు నెలలే అయింది గదన్నా, కాలదోషం దాకా దాక్కుంటే రెండేండ్ల ఎనిమిది నెలలు గా ఫోన్లు ఎవలు ఎత్తాలె అని, సంతకం పెట్టిండు. సోమవారం హన్మకొండ పోస్టాఫీసుల స్పీడ్ పోస్ట్ చేసి రసీదు నోట్‌బుక్కుల అతికిచ్చినం. 30 రోజులు లెక్కపెట్టుకుంటున్నం, జవాబు రాకపోతే ఓంబుడ్స్‌మన్ ఫిర్యాదు నేనే పక్కన కూర్చుండి పెట్టిపిస్త.